పొట్లం మందు, చెంబెడు నీళ్లు

1981 జూలై 13, సోమవారం. ఛత్రినాకలో ఆ సందులోకి నేను పదకొండుంబావుకు వెళ్లాను. అప్పటికి పద్దెనిమిది ఇళ్లు పూర్తయ్యాయి. ఇంకా ఇరవై రెండు మిగిలాయి.

నేను సర్కారు ఆరోగ్య కేంద్రంలో నర్సును. ఇల్లిల్లూ తిరగడం నా పని. ఆ వానాకాలం రాష్ట్రమంతా ఒకే కార్యక్రమం నడిచింది. చిన్నపిల్లలున్న ప్రతి ఇంటికీ విరేచనాలకు వాడే పొడి పొట్లం ఒకటి, దాంతోపాటు ఒక కాగితం ఇవ్వాలి. కాగితం చదివి వినిపించాలి. రిజిస్టర్లో "అర్థమైనది" అన్న గడిలో టిక్కు పెట్టాలి. రోజుకు నలభై ఇళ్లు. తొమ్మిది నుంచి రెండు దాకా మూడు వందల నిమిషాలు, అంటే ఇంటికి ఏడున్నర. నడక, పలకరింపు, పేర్లు రాసుకోవడం తీసేస్తే చదవడానికి మూడు నిమిషాలు మిగిలేవి.

ఆ ఇంట్లో పదకొండు నెలల పాప ఉంది. తండ్రి మాదన్నపేట కూరగాయల మార్కెట్‌లో హమాలీ. తల్లికి ఇరవై ఒకటి అని రాసుకున్నాను, ఆమెకూ సరిగ్గా తెలియదు. పాపకు ముందురోజు రాత్రి నుంచి విరేచనాలు. తల్లి భుజం మీద తల వాల్చి, కళ్లు సగం మూసుకుని ఉంది.

గడపలో కూర్చున్న అత్తగారు నన్ను చూడగానే అంది: "నర్సమ్మా, సూది తెచ్చినవా, కాయితం తెచ్చినవా?"

"పొడి తెచ్చిన అవ్వా. కాయితం గూడ ఉన్నది."

"కాయితంతోని బేదులు ఆగుతయా ఏంది! గట్లయితే మా పక్కింట్ల చిత్తుకాయితాలు ఏరేటోని పిల్లలకు ఎన్నడు కడుపు నొయ్యొద్దు."

"ఊకో అత్తమ్మా, అక్కను జెప్పనియ్యి," అంది కోడలు.

నేను చదివాను. ఆ వాక్యం ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా చెప్పగలను. "అతిసార పీడిత శిశువులకు ఈ పొట్లమందలి లవణ మిశ్రమమును ఒక లీటరు శుభ్రజలమునందు కరిగించి, స్వల్ప పరిమాణములలో తరచు సేవింపజేయవలెను." రెండుసార్లు చదివాను, గట్టిగా. నేను పుట్టి పెరిగింది కిషన్‌బాగ్‌లో. మా ఇంట్లో మేమూ ఆ అత్తాకోడళ్లలాగే మాట్లాడుకునేవాళ్లం. కాని చేతిలో సర్కారు కాగితం ఉంటే దాన్ని ఉన్నదున్నట్టు చదవడమే నా డ్యూటీ అనుకున్నాను.

"సమజైందా?"

"సమజైందక్కా."

టిక్కు పెట్టాను. పాపకు మంచినీళ్లు ఆపొద్దని విడిగా నోటితో చెప్పానో లేదో గుర్తు లేదు. చాలా విషయాలు తేదీతో సహా గుర్తుండే నాకు ఆ ఒక్కటి గుర్తు లేదు. చెప్పి ఉంటానని అనుకోవడం సులువు. అందుకే అనుకోను.

బుధవారం పొద్దున ఆ పాపను చూడటానికే మళ్లీ వెళ్లాను. సందు మొదట్లోనే తెలిసింది. తెల్లవారుజామున పోయింది. నేను వెళ్లేసరికి మగవాళ్లు తీసుకెళ్లిపోయారు. అత్తగారు నన్ను చూసి మొహం తిప్పుకుంది. కోడలు మాత్రం లేచి వచ్చి, గూట్లోంచి ఏదో తీసి నా చేతిలో పెట్టింది. పాత పేపరు ముక్కల్లో మడిచిన నాలుగు చిన్న పుడియాలు.

"నువ్విచ్చిన పొట్లం తొమ్మిది పుడియాలు జేసిన అక్కా. దినాం మూడు, మూడు దినాలకు. పాలల్ల రంగరించి నాలికె మీద వెట్టిన. ఒక్క పూట తప్పలే. మందు నడుస్తున్నదిగదా అని దవాఖానకు గూడ తోల్కపోలే. మందు మంచిదే గదక్కా?"

సోమవారం రెండు, మంగళవారం మూడు. ఐదు పోగా నాలుగు. లెక్క సరిపోయింది. దవాఖానాలో కాంపౌండరు పొడి మందు ఎప్పుడిచ్చినా ఆ కొలతలోనే కట్టి ఇచ్చేవాడు, పూటకో పుడియా. పొడి అంటే అట్లాగే వేయాలని ఈ ఊళ్లో అందరికీ తెలుసు. ఆమె శ్రద్ధగా, తనకు తెలిసిన పద్ధతిలో, చెంబెడు నీళ్లలో కలపాల్సిన ఉప్పును వట్టి పొడిగా పిల్ల నాలుక మీద పెట్టింది. పిల్లకు కావలసింది నీళ్లు. మా డాక్టరును తర్వాత అడిగాను. ఆ ఉప్పు ఎంత చెరుపు చేసిందో, నీళ్లు లేకపోవడం ఎంత చేసిందో విడదీసి ఎవరూ చెప్పలేరు అన్నాడు.

ఆ పూట మాత్రం నేను, "మందు మంచిదే. నువ్వేం తప్పు జెయ్యలే," అని చెప్పి వచ్చేశాను.

ఇల్లు చేరేదాకా ఒకటే ఆలోచన. ఆ సందులో నేను పొట్లాలిచ్చిన ఇళ్లు ఇంకా ఏడు ఉన్నాయి. వాళ్లకు సరిగ్గా చెప్పాలంటే ఈమె వింటుంది, తను వేసిన తీరు తప్పని తెలిసిపోతుంది. ఈమె వినకూడదనుకుంటే వాళ్లకు చెప్పలేను.

గురువారం పై అధికారి దగ్గరికి వెళ్లాను. కాగితం మార్చాలని, లేకపోతే కలిపి చూపించడానికి టైమివ్వాలని అడిగాను.

"చదివి వినిపించారా?"

"వినిపించాను సార్."

"అర్థమైందన్నారా?"

"అన్నారు."

"మరింకేమిటమ్మా? ఇది రాష్ట్రం మొత్తానికీ అచ్చయింది. మీ ఒక్క సందు కోసం మళ్లీ అచ్చు వేయిస్తామా?"

ఆయన చెడ్డవాడు కాదు. టీ తెప్పించాడు. తాగకుండా వచ్చాను.

ఆ సాయంత్రం మా ఇత్తడి చెంబును పాలవాడి లీటరు కొలతతో కొలిచి, నీళ్లు ఎంతవరకు వచ్చాయో అక్కడ మేకుతో గీత గీశాను. శుక్రవారం నల్లా వచ్చే వేళకు సందులోకి వెళ్లాను. ముందు ఏడిళ్లూ చూశాను. మూడిళ్లలో పుడియాలు కట్టి పెట్టుకున్నారు. మూడిళ్లలో పొట్లం విప్పలేదు. ఒక్క ఇంట్లో చాయ్ గ్లాసులో మొత్తం కలిపి, ఉప్పగా ఉందని పారబోశారు. మొత్తం ఏడు గడుల్లోనూ నా టిక్కు ఉంది.

ఆడవాళ్లను నల్లా దగ్గరికి పిలిచాను. ఇంట్లో కాచి చల్లార్చి తెచ్చిన నీళ్లు చెంబులో గీత దాకా పోశాను. పొట్లం చింపి మొత్తం వేశాను.

"అబ్బో, గన్ని నీళ్లా? పిల్లకా, బర్రెకా?" అంది ఒకామె. అందరూ నవ్వారు.

నవ్వు ఆగిపోవడంతో తలెత్తి చూశాను. పోయిన పాప తల్లి బిందె పట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి చూస్తోందో తెలియదు.

"ఒక్క పొట్లానికా?" అంది.

"ఒక్కదానికే."

"మొత్తం పొట్లమా?"

"మొత్తం."

ఆమె బిందె కింద పెట్టింది.

"గిదే ఆ దినం జేసి సూపెట్టకపోయినవా అక్కా?"

టైం లేదన్నది నిజం. నిమిషాలతో సహా లెక్క చెప్పగలను. "నాదే తప్పు," అన్నాను.

"నీదో నాదో. పిల్ల నీళ్లకు ఏడిస్తే, నీళ్లు తాపితే బేదులు ఎక్కువైతయని అత్తమ్మ వద్దన్నది, నేనియ్యలే." బిందె నింపుకోకుండానే చంకన పెట్టుకుని వెళ్లి, వాళ్ల గడప మీద మాకు వీపు పెట్టి కూర్చుంది. నల్లాకు ఆ గడప పదిహేను అడుగులు కూడా ఉండదు.

పుడియాలు కట్టిన ముగ్గురిలో ఒకామె, చంకలో పిల్లతో, నా పక్కకు వచ్చి గుసగుసగా అంది: "అక్కా, నాకు మల్ల ఒక్కపారి సూపెట్టు. సమజు గాలే."

అంతవరకు ఆ మాట నాతో ఎవరూ అనలేదు. చెంబు ఆమె చేతికిచ్చాను. నీళ్లు ఎంత పోయాలో, పొడి ఎంత వెయ్యాలో, పిల్లకు చెంచాతో ఎట్లా తాపాలో, మంచినీళ్లు ఎందుకు ఆపకూడదో మళ్లీ మొదటి నుంచి చెప్పాను. గడప మీద ఉన్నామెకు ప్రతి మాటా వినపడుతోందని తెలుసు. వెనక నిలబడ్డవాళ్లకు కూడా వినపడాలి. గొంతు తగ్గించలేదు.