ముల్తానీ మట్టితో ఎనిమిది ఉదయాలు

ఇప్పుడు మగపిల్లలు కూడా మొహానికి రకరకాల పూతలు వేసుకుని, ఆ పూతతోనే ఫోటోలు దిగి నలుగురికీ పంపుకుంటున్నారు. మా రోజుల్లో అంత ధైర్యం ఎవరికీ లేదు. తొంభైల మొదట్లో మగవాడు మొహానికి సబ్బు తప్ప మరొకటి రాశాడంటే ఛత్రినాకలో మా గల్లీ వారం రోజులు చెప్పుకునేది. అలాంటి కాలంలో నేను వరుసగా ఎనిమిది ఉదయాలు ముల్తానీ మట్టి పూసుకున్నాను. ఎప్పుడు పూశానో, ఎప్పుడు కడిగానో నిమిషాలతో సహా డైరీలో రాసి ఉంది కనుక (ఇరవయ్యో ఏట నుంచీ నాకీ జబ్బు ఉంది) ఇప్పుడు కాదనడానికి వీల్లేదు.

అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా పని, అక్కాబావల ఇంట్లో మకాం. జహనుమాలో ఒక సంబంధం ఉందని అక్క ఫోటో తెచ్చింది. అమ్మాయి బడిలో సైన్సు చెబుతుందట. ఫోటోలో ఆమె కెమెరా వైపు కాకుండా, పక్కన ఎవరో ఏదో అంటే నవ్వు ఆపుకుంటున్నట్టు చూస్తోంది. ఆ ఫోటోను డైరీలో పెట్టుకుని తిరిగి ఇవ్వడం మరిచిపోయాను (మరిచిపోలేదు). పెళ్లిచూపులకు ఇంకా పది రోజులున్నాయి. "పిల్ల మస్తు మంచిగుందిరా. ఇగ నీ మొఖమే జెర సక్కగ చేసుకోవాలె," అంది అక్క. గడ్డం గీసుకోమని ఆమె ఉద్దేశం. నేను మాత్రం దాన్ని ఒక పథకంగా స్వీకరించాను.

అక్క చదివే వారపత్రికలో చర్మం ఏ రకమో తెలుసుకునే పద్ధతి ఉంది. 'రాత్రి మొహం కడుక్కుని, మొహానికి ఏమీ రాయకుండా పడుకోవాలి. లేవగానే పల్చటి కాగితం ముక్కల్ని మొహం మీద అక్కడక్కడా అద్దాలి. అన్నిచోట్లా మరక పడితే జిడ్డు చర్మం, ఎక్కడా పడకపోతే పొడి చర్మం, నుదుటి మీదా ముక్కు మీదా మాత్రమే పడితే మిశ్రమ చర్మం.' దీన్ని పొల్లు పోకుండా డైరీలోకి ఎక్కించుకుని, అక్షరాలా పాటించాను. మొహానికి ఏమీ రాయలేదు. రోజూ లాగే తలకు మాత్రం కొబ్బరినూనె పట్టించుకున్నాను. (చలికాలం. నూనె పేరుకుపోతే అక్క సీసాను పొయ్యి పక్కన పెట్టి కరిగించి ఇచ్చేది. నా అరచేయి కూడా ఉదారమైనది.) పొద్దున్నే, ఆఫీసులో టైపు కాపీలకు వాడే పల్చటి కాగితం ముక్కలు అయిదు అద్దాను. అయిదూ అద్దంలా పారదర్శకమైపోయాయి. వాటిని డైరీలో అతికించి, నుదురు, ముక్కు, కుడి బుగ్గ, ఎడమ బుగ్గ, గడ్డం అని పేర్లు రాసి, కింద గీత గీసి 'ఫలితం: జిడ్డు చర్మం' అని సంతకం చేశాను.

ఆ సాయంత్రమే శాలిబండలో మూలికలూ అత్తరూ అమ్మే చాచా దుకాణానికి వెళ్లాను. "మొఖం ఇట్ల ముందుకు పెట్టు బేటా, చేత్తోటి చూస్త," అన్నాడాయన.

"అక్కర్లేదు చాచా, పరీక్ష అయిపోయింది. జిడ్డు."

"ఏ డాక్టర్ సాబ్ చేసిండు?"

"నేనే."

చాచా ముల్తానీ మట్టి డబ్బా కిందికి దించాడు. "సరే, విను. జిడ్డు మొఖానికి ముల్తానీ మట్టి, గులాబ్ పానీ. ఎండిన మొఖానికి మలాయి, జెర షహద్, అదే తేనె. ముక్కు జిడ్డు, బుగ్గలు ఎండినయంటే ముక్కుకొకటి, బుగ్గలకొకటి. ఏదైనా ముందు చెవి ఎనక జెరంత పెట్టి చూడు, మండితే వద్దు. హఫ్తాకు రెండుసార్లే. పూరా ఆరకముందే కడిగెయ్. సమజైందా?"

అన్నీ రాసుకున్నాను. చెవి వెనక పెట్టి చూశాను, మండలేదు; అదీ రాసుకున్నాను. వారానికి రెండుసార్లంటే నెలకు ఎనిమిది. నా దగ్గర నెల లేదు, ఎనిమిది రోజులున్నాయి. రోజుకొకటి చొప్పున సరిగ్గా సరిపోయింది! ఇక ఆరకముందే కడగడమంటారా, పని సగంలో వదిలే అలవాటు నాకు లేదు. ప్రతి ఉదయం సబ్బుతో రెండుసార్లు మొహం కడిగి, మట్టి పూసి, అది బీటలు వారేదాకా కుర్చీలో కదలకుండా కూర్చునేవాణ్ని. "ఏందిరా గిది, మొఖానికి గచ్చు చేయించినవా? నీళ్లు చల్లాల్నా?" అనేది అక్క. నేను జవాబు చెప్పేవాణ్ని కాదు. మాట్లాడితే పూత రాలుతుంది.

డైరీ ఇలా సాగింది. 'మూడో రోజు: పొట్టు లేస్తోంది. జిడ్డు పోతోందనడానికి నిదర్శనం.' 'అయిదో రోజు: నవ్వితే చురుక్కుమంటోంది. నవ్వు తగ్గించాలి.' 'ఎనిమిదో రోజు: పథకం పూర్తి.'

తొమ్మిదో రోజు జహనుమాలో వాళ్ల ముందు గదిలో కూర్చున్నాను. మొహం ఎండిన తోలులా బిగుసుకుపోయింది. అమ్మాయి చాయ్ తెచ్చింది. ఫోటోలో ఉన్న ఆ ఆపుకున్న నవ్వే. బదులుగా నవ్వబోయాను. పెదవుల పక్కన చర్మం భగ్గుమని, మొహం రాయిలా నిలిచిపోయింది. వాళ్ల బాపు బడి పిల్లల చేష్టలేవో చెప్పాడు. అందరూ నవ్వారు. నేను తల ఊపాను. కాసేపటికి ఆయన స్వరం తగ్గింది. "ఏం బాబూ, మా ఇంట్ల ఏమన్న తప్పయిందా?" "లేదండీ, చాలా బాగుంది," అన్నాను, చావు కబురు చెబుతున్నట్టు. అక్క నా కాలు తొక్కింది. ఈ సంబంధం నా కళ్లముందే పోతోందనీ, దాన్ని పోగొడుతున్నది నా మొహమేననీ నాకు తెలుస్తూనే ఉంది.

అప్పుడు ఆమె, "బాపూ, అయిదు నిముషాలు మాట్లాడుత," అని మమ్మల్ని డాబా మీదికి తీసుకెళ్లింది. అక్క మెట్ల దగ్గరే ఆగింది.

"మీకు ఇష్టం లేకుంటే చెప్పుండ్రి. నేనే వద్దన్న అని మా బాపుకు చెప్త. మీకేం మాట రాదు," అంది ఆమె.

నా చేతిసంచీలోంచి డైరీ తీసి ఆమె చేతిలో పెట్టాను. (పెళ్లిచూపులకు డైరీ ఎందుకు తెచ్చావని మీరడగొచ్చు. అక్క దారంతా అదే అడిగింది.) ఆమె నిలబడే చదివింది. అయిదు కాగితం ముక్కల్నీ వెలుగుకేసి పట్టి చూసింది. ముందు పేజీకి వెళ్లింది, మళ్లీ వెనక్కి వచ్చింది.

"రాత్రి తలకు కొబ్బరినూనె పెట్టుకున్న అని మీరే రాసిండ్రు గద?"

"అవును. మొహానికి కాదు, తలకే."

"అది రాత్రంతా తలకాయ మీదనే కూసుంటదా? దిండు మీదికి, దిండు మీదికెళ్లి మొఖం మీదికి రాదా? చెవి ఎనక మండలేదు అని రాసిండ్రు. ఆడ గూడ నూనెనే. మీది అసలే ఎండిన మొఖం, దాని మీద ఎనిమిది దినాలు మట్టి!" అంటూ నా జేబు వైపు చేయి చాచింది. "ఆ ఎర్ర పెన్ను ఇయ్యుండ్రి."

నా 'జిడ్డు చర్మం' మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన రాసింది: 'తప్పు. పరీక్ష జరిగింది కొబ్బరినూనెకు.' ఆ తర్వాత ఆమె ఆపుకోలేదు. డాబా పిట్టగోడ పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను, మంటకు కళ్లలో నీళ్లు తిరుగుతుంటే.

ఆమె కిందికి వెళ్లి గిన్నెలో పాలమీగడ తెచ్చింది. "పల్చగ రాసుకొని పది నిముషాలు ఉండుండ్రి. ఎండేదాంక గాదు, పదే." గడియారం చూసుకుంటూ పది నిమిషాలు కూర్చుని, కడుక్కుని, ముందు గదిలోకి దిగాను. వాళ్ల బాపు తలెత్తి చూసేసరికి నా మొహం నిగనిగలాడుతోంది, చెవుల దాకా నవ్వు. ఆయన నా ఖాళీ కప్పు అందుకున్నాడు. "ఇంకో చాయ్ తాగుండ్రి," అన్నాడు.

ఉద్యోగ విరమణ తర్వాత పాత డైరీలు వరసగా సర్దుతుంటే ఈ చలికాలంలో ఆ పేజీ మళ్లీ బయటపడింది. కాగితం పచ్చబడింది కానీ, ఆ అయిదు ముక్కలు ఇంకా పారదర్శకంగానే ఉన్నాయి. నూనె అంత మంచిది. కింద ఎర్ర సిరా కాస్త వెలిసింది. ఆ రాత రాసిన చేయి వంటింట్లోంచి మీగడ గిన్నె తెచ్చి నా పక్కన పెట్టి, "పది నిముషాలే," అని వెళ్లింది. నుదురు, ముక్కు, రెండు బుగ్గలు, గడ్డం అని వరసగా పేర్లు రాసి, గీత గీసి, సంతకం చేసిన ఆ కుర్రవాడికి ఒక్క మాట చెప్పాలనిపించింది. మట్టి వద్దని కాదు. ఆ రాత్రి తలకు నూనె ఇంకాస్త ఎక్కువ పెట్టుకోమని.