పళ్లపొడి అనుకున్న బ్యాక్టీరియా

నిరుడు వానలు మొదలవుతుండగా నాయిన ఫోన్ చేసి, మేడ్చల్ వ్యవసాయాఫీసు నుంచి ఒక పొట్లం తెమ్మన్నాడు. నేను ఉండేది కొంపల్లిలో. నాయిన, వాళ్లమ్మ అవ్వ అత్వెల్లిలో కొద్దిపాటి జొన్న చేను చూసుకుంటూ ఉంటారు.

పొట్లంలో నల్లటి పొడి ఉంది. అందులోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి జొన్న వేళ్లకు అందిస్తుందని, యూరియా కొంత తగ్గించుకోవచ్చని ఆఫీసరు చెప్పారు. "పానమున్న సరుకమ్మా, ఎండ తగలనియ్యకు" అన్నారు. దాంతో నాకు భయం పట్టుకుంది. పొట్లాన్ని తడిగుడ్డలో చుట్టి, టిఫిన్ డబ్బాలో పెట్టి, స్కూటీ మీద మెల్లగా అత్వెల్లికి వెళ్లాను. చంటిపిల్లను తీసుకెళ్లినా అంత జాగ్రత్తపడేదాన్ని కాదేమో.

పొడి ఎలా ఉందో చూద్దామని నాయిన పొట్లం మూతి కత్తిరించి, చల్లగా ఉంటుందని నీళ్లకుండ పక్కన పెట్టాడు. మర్నాడు నేను లేచేసరికి అవ్వ వాకిట్లో కూర్చుని పళ్లు తోముకుంటోంది. మూతంతా నలుపు.

"గీ పండ్లపొడి ఏడికెల్లి తెచ్చినవ్ బిడ్డా? ఉప్పు లేదు, లవంగం లేదు. మట్టి లెక్కనే ఉంది."

నాయిన ముఖం పాలిపోయింది. "అమ్మా, అది పండ్లపొడి కాదు. అండ్ల పురుగులున్నయి."

అవ్వ నోట్లోంచి వేలు తీసి చూసుకుంది. "ఏవి రా? ఒక్కటి గూడ కదుల్తలేదు."

నేను ఆఫీసరుకు ఫోన్ చేశాను. ఆయన ఫోన్ దూరం పెట్టి దగ్గారు. నవ్వు ఆపుకుంటున్నారని అర్థమైంది. "పుక్కిలించమనమ్మా, ఏం గాదు" అన్నారు చివరికి.

మిగిలిన పొడిని చల్లారిన బెల్లం నీళ్లలో కలిపి గింజలకు పట్టించాం. నీడలో ఆరబోస్తే, అవ్వ కట్టె పట్టుకుని కోళ్లను తోలింది. విత్తాక వచ్చిన ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు లేచి నిలబడింది.

"మా చేన్ల కొత్తగ దిగినోళ్ల కోసం ప్రార్థన చెయ్యుండ్రి అయ్యగారూ. కండ్లకు కనవడరు, గాలి పట్టుకుని బతుకుతరు."

పాస్టరు గారు మావైపు చూశారు. నేను వెళ్లి చెవిలో సంగతి చెప్పాను. ఆయన నవ్వకుండా, మట్టిలో పనిచేసే చిన్న ప్రాణుల కోసం కూడా ప్రార్థించారు. ఆమేన్ అన్నవాళ్లలో నాయిన గొంతే పెద్దగా వినిపించింది.

ఆ పంటకు నాయిన యూరియా తగ్గించాడు. ఇగ ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయేమోనని రోజూ చేను చుట్టూ తిరుగుతూ పరేషాన్ అయ్యాడు. చివరికి కంకులు పక్క చేనులో వచ్చినట్టే వచ్చాయి. ఎక్కువా కాదు, తక్కువా కాదు. నాయినకు అదే పండగ.

పక్క చేను రైతు గట్టు మీదికి వచ్చాడు. "యూరియా తక్కువ జల్లినవంట. ఏమేసినవే?"

"పనోళ్లను పెట్టిన. పొద్దుగూకినా ఇంటికి పోరు."

అతను చేనంతా కలియజూశాడు. నాయిన ఒక జొన్న మొక్కను వేళ్లతో సహా పీకి, మట్టి దులిపి అతని చేతికిచ్చాడు. ఇద్దరూ ఆ వేళ్లను ముఖాల దగ్గర పెట్టుకుని చాలాసేపు వెతికారు.