పంబ నాది

నేను కీబోర్డు వాయించే ఆర్కెస్ట్రాను నడిపే అన్న, నన్ను తీసేసిన మాట ఫోన్లో చెప్పలేదు. తిరుచానూరులో ఒక పెండ్లి ప్రోగ్రాం ముగించుకుని వైర్లు చుట్టుకుంటా ఉంటే పక్కకు పిలిచి చెప్పినాడు. నాకప్పుడు ఆరో నెల.

"కడుపుతో స్టేజీ మీద ఉంటే బాగుండదమ్మా. పెండ్లోళ్లు అడగతా ఉండారు. వచ్చే వారం నుంచి కీబోర్డుకు వేరే ఆయన వస్తాడు."

"ఎవురు అడిగినారన్నా?"

నేను వాయించే కీబోర్డు, ఆ సింథసైజర్, ట్రూపుది కాబట్టి ఇచ్చేయమన్నాడు. అంతకుముందు దానికి కొత్త వెర్షన్ వేయాలంట. వచ్చే ఆయన అడిగినాడంట. "ఆ అప్‌డేట్ పని నీకే కదా తెలిసేది," అన్నాడు నవ్వుతా. నన్ను తీసేసి, ఆఖరి పని కూడా నా చేతనే చేయించుకోవాలని!

ఇంటికి తెచ్చినాను. అప్‌డేట్ చేస్తే మనం సొంతంగా నింపుకున్న శబ్దాలన్నీ చెరిగిపోతాయి, ముందే కాపీ తీసిపెట్టుకోమని సూచనల్లో మొదటే ఉంది. ఆ మిషన్లో నేను నింపుకున్నది పంబ, ఆ జంట డోళ్ల శబ్దం. చంద్రగిరిలో మా మేనమామ జాతరలకు పంబ వాయిస్తాడు. ఆయన ఇంటి వెనక ఒక మధ్యాహ్నమంతా ఫోను పెట్టి రికార్డు చేసుకున్నాను. పుల్లతో కొట్టింది, చేత్తో కొట్టింది, మెల్లగా, గట్టిగా. కాకి అరిస్తే మళ్లీ. కుక్కర్ కూస్తే మళ్లీ.

"ఒకే దెబ్బ ఎన్ని తూర్లు కొట్టమంటావు పాపా?" అని మామ విసుక్కున్నాడు.

తర్వాత ఒక్కొక్క దెబ్బనూ కత్తిరించి, ఏ కీ నొక్కితే ఏది పలకాలో పెట్టుకునేదానికి నాకు నెల పట్టింది.

అవన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎత్తుకున్నాను. ఇంకో పెన్‌డ్రైవ్‌లో అప్‌డేట్ ఫైలు వేసినాను. ఫోల్డర్ లోపల పెట్టినందుకు మిషన్ దాన్ని చూడనే లేదు. బయటపెట్టి, రెండు బటన్లు నొక్కిపట్టి స్విచ్చి వేస్తే అప్పుడు కదిలింది. మధ్యలో కరెంటు పోతే మిషన్ చచ్చిపోతుందని మా ఆయన తన కంప్యూటర్ యూపీఎస్ తెచ్చి తగిలించినాడు. తెర మీద గీత నిండేదాకా ఇద్దరం దాని ముందరే కూర్చున్నాం.

"ఇంక నీ శబ్దాలు ఎక్కించవా?" అన్నాడు.

"ఎక్కించను. వాళ్లడిగింది కొత్త వెర్షన్. వేసినాను."

సింథును అట్లే ఇచ్చేసి వచ్చినాను. శుక్రవారం, పెండ్లి ప్రోగ్రాం ముందర అన్న ఫోన్ చేసినాడు. వెనక మైకు టెస్టింగ్ వినపడతా ఉంది.

"ఏమ్మా, పంబ యాడ పోయింది?"

"నా కాడ ఉండాదన్నా."

"ఇప్పుడే పంపించు."

"పంపించను."

"సింథు నాది!"

"నీదేనన్నా. పంబ మా మామది, ఆ శబ్దాలు చేసుకున్నది నేను."

"ఇంత పొగరు పనికిరాదు. ఇంక నిన్ను ఎవురూ పిలవరు."

"నన్ను రావద్దన్నది నువ్వే కదన్నా," అని పెట్టేసినాను.

ఆ పెండ్లిలో కంపెనీ డ్రమ్ము శబ్దాలతోనే లాగించేసినారంట. జనం బాగానే ఎగిరినారు, తేడా ఎవురికీ తెలియలేదు అని డ్రమ్స్ వాయించే ఆయన చెప్పినాడు. ఆ మాటకు మాత్రం ఏడ్చినాను. అయినా ఇవ్వాలని అనిపించలేదు. ఎవురికీ తేడా తెలియనప్పుడు నన్నెందుకు అడగల్ల?

బిడ్డ పుట్టినాక పాత సింథు ఒకటి కొనుక్కున్నాను. వేరే కంపెనీది. నా ఫైళ్లు దానికి అర్థం కాలేదు. మెమరీ కూడా చిన్నది. దెబ్బలన్నీ మొదటి నుంచి మళ్లీ కోసుకుని, కొన్ని వదులుకుని, బిడ్డ నిద్రపోయినప్పుడంతా కూర్చుని ఎక్కించినాను.

ఇప్పుడు చిత్తూరు పక్క జాతరలకు ఇద్దరు పాడే ఆడోళ్లతో కలిసి, బిడ్డనెత్తుకుని పోతా ఉండాను. మొన్న ఒక కమిటీ ఆయన, బిడ్డను ఇంట్లో వదిలిపెట్టి రారాదా అని అడిగినాడు. నేనూ బిడ్డా ఇద్దరం వస్తాం, లేకుంటే ఇద్దరం రాం అన్నాను. ఆయన, అయితే ఏ పొద్దుకు వస్తారని అడిగినాడు.