కోట రాళ్లు, అత్తాకోడళ్లు

కోసిగి దగ్గరి ఒక పల్లెలో పాత పాలెగాడి ఇల్లొకటుంది. ఇల్లే, కానీ చుట్టూ రెండాళ్ల ఎత్తు రాతిగోడ, మూలమూలకో బురుజు. ఊళ్లో దాన్ని కోటనే అంటారు. మిద్దె ఎప్పుడో కూలిపోయింది. మిగిలిన గోడల నడుమ ఈరక్క తన మేకలను కట్టేసుకునేది. ఏటా సుగ్గికని, వలస కూలీగా గుంటూరు వైపు మిరపకోతలకు పోయొచ్చిన మనిషి, మోకాళ్లు అరిగాక ఊళ్లోనే ఉండిపోయింది. మేకలే ఆధారం.

ఆ గోడ రాళ్లు ఒక్కొక్కటే మాయమై ఒకరి గడప కిందో, మరొకరు బట్టలుతికే చోటో తేలేవి. ఒకరోజు ఉరుకుందప్ప కొత్తింటి పునాదికని ఏకంగా ట్రాక్టరే తెచ్చాడు.

"ఏమప్పా, రాళ్లకొచ్చినావా?"

"ఊరికే పడుండాయి కదక్కా."

గోడ పోతే మేకలు కుక్కల పాలే. అరిస్తే వినే మనిషి కాడు. ఈరక్క గొంతు తగ్గించింది.

"ఎత్తుకోని కొండబోప్పా. కానీ ఈ రాయుండే ఇంట్లో అత్తాకోడళ్లకు పొసగదంట. పాలెగాని పెండ్లాం శాపమంట."

ఆ పొద్దునే ఉరుకుందప్ప ఇంట్లో, పప్పులో ఉప్పెక్కువైందని తల్లికీ పెళ్లానికీ పెద్ద రభస జరిగింది. ఖాళీ ట్రాక్టరు తిప్పుకున్నాడు.

సాయంత్రానికి మాట ఊరంతా పాకింది. ఏ ఇంట చూసినా రుజువు సిద్ధంగా ఉంది! వారంలో రాళ్లు తిరిగిరావడం మొదలైంది. మహాదేవమ్మయితే రోలే దొర్లించుకొచ్చింది.

"అది సంతలో కొన్నది కదక్కా!" అంది ఈరక్క.

"ఏమో, మా కోడలు శానా గడుసుది. ఈడే ఉండనీ."

కర్నూలు కాలేజీలో చరిత్ర చెప్పే సుజన కోట చూడ్డానికొచ్చి, రాళ్లగుట్టలో సిమెంటు ఇటుక దగ్గర ఆగిపోయింది.

"ఇది ఏ కాలందవ్వా?"

ఈరక్క నవ్వాపుకోలేక జరిగిందంతా చెప్పేసింది. సుజన కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. తర్వాత గోడలోని వాలు కంతలు చూపించింది. వాటిలోంచి తుపాకులు పేల్చేవారట. దండు వస్తోందంటే ఊరి జనం గొడ్డూగోదాతో లోపలికొచ్చి తలుపులు బిగించుకునేవారట. పాలెగాడి కాపురం, తగవులు తీర్చే కచేరీ, ఊరి ప్రాణాలు, అన్నీ ఈ గోడల మధ్యేనట.

"గొడ్లంటే మేకలు గూడానా?"

"మేకలు కూడా."

"అట్లయితే అప్పటి పనే నేనూ చేస్తాండా. అది గూడా రాసుకో మేడమ్."

సుజన నిజంగానే రాసుకుంది. గోడ నిలబెట్టుకోమని ఊరి పెద్దలతో మాట్లాడి వెళ్లింది. ఆ వేసవిలో ఊరివాళ్లు తిరిగొచ్చిన రాళ్లు పేర్చి కూలిన వైపు మూశారు. అందరికంటే ఎక్కువ మోసింది ఉరుకుందప్పే. ఈరక్క బురుజు నీడలో కూర్చుని, ఏ రాయి ఎక్కడ పెట్టాలో అతనికి పురమాయిస్తూ ఉంది.