మూడు బిందెల నీళ్లకు ఎన్ని చేపలు

మా బావ, అంటే మా ఆయన అన్న, నన్ను అడగకుండా మా అద్దాల తొట్టిలో పదహారు చేపలు పోసిన రోజు శుక్రవారం. నేను బడి నుంచి వచ్చేసరికే పని అయిపోయింది. బావ బతికి ఉండగా ఈ మాట ఆయన ముందే చాలాసార్లు అన్నాను, కాబట్టి ఇప్పుడు రాయడానికి మొహమాటం లేదు.

ఎనభైల మొదట్లో మేం మహబూబాబాద్‌లో అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. నేను ఆడపిల్లల హైస్కూల్లో ప్రకృతిశాస్త్రం చెప్పేదాన్ని. మా ఆయనది భూపాలపల్లి వైపు రోడ్ల పని, పదిహేను రోజులకోసారి వచ్చేవాడు. మా పాపకు ఎనిమిదేళ్లు. ఆ చలికాలం దానికి కీళ్లజ్వరం వచ్చి వరంగల్ దవాఖానలో మూడు వారాలు ఉన్నాం. పక్కమంచం మీద దాని వయసు పిల్లే ఒకతి ఉండేది. ఇద్దరూ రోజంతా గవ్వలాడేవారు. ఒక పొద్దున మా పాప కళ్లు తెరిచేసరికి ఆ మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది. పాప అడగలేదు, మేం చెప్పలేదు.

ఇంటికి పంపుతూ రెండు నెలలు మంచం దిగనివ్వొద్దన్నారు. మంచం మీద దానికి పొద్దుపోవడానికే ఆ తొట్టి. ఇనుప చట్రం, నాలుగు అద్దాలు, సందుల్లో లప్పం. మా ఆయన హైదరాబాద్‌లో కొన్నాడు. మొక్కలు మాత్రం భూపాలపల్లి దగ్గరి వాగులోవి. తడిగోనెలో చుట్టి బస్సులో తెచ్చాడు. ఇసుక కడిగి పోసి నాటాం. నెల తిరిగేసరికి అవతలి అద్దం కనబడనంత గుబురుగా పెరిగాయి. ఏడు చిన్న చేపలు వేశాం. పాప నిద్ర లేవగానే వాటిని లెక్కపెట్టేది. ఏడూ కనబడితేనే మొహం కడగనిచ్చేది. ఎందుకు లెక్కపెడుతుందో నాకు తెలుసు.

బావ ఉండేది జనగామలో. భూములు, రాజకీయం, వాటికి తోడు ఊరి చెరువులో చేపల గుత్త. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో వారం రోజులు జైల్లో ఉన్నాడు. ఆ వారం తర్వాత తన మాటకు ఎవరూ ఎదురు చెప్పకూడదని ఆయన నమ్మకం. పాపంటే ప్రాణం పెట్టేవాడు, అది కాదనను. ఆ శుక్రవారం హైదరాబాద్ నుంచి నీళ్ల క్యాన్‌లో పదిహేను చిన్న చేపలు, అరచేయంత బంగారు చేప ఒకటి తెచ్చి, క్యాన్‌ను అట్లాగే తొట్టిలో వంచేశాడు.

నేను గుమ్మంలోనే నిలబడి, ఈ తొట్టి ఇన్నింటిని మోయదు, తీసేయాలి అన్నాను. తొట్టి అమ్మినాయన బిందె నీళ్లకు మూడు చేపలని లెక్క చెప్పాడు. మాది నాలుగు బిందెలు పట్టే తొట్టి. ఇసుక, రాళ్లు పోశాక మూడే పట్టాయి. అంటే తొమ్మిది.

బావ నవ్వాడు. "చెరువుల వేలకు వేలు చేపపిల్లలు పోసెటోన్ని నేను. గీ ఇరవై మూడింటికి పంచాయితీ పెడ్తవా అమ్మ? పిల్ల మొకం సూడు జర."

పాప మొహం చూశాను. జ్వరం వచ్చిన తర్వాత అది అట్లా నవ్వడం అదే మొదటిసారి. తొట్టినీ చూశాను. పడమటి కిటికీలోంచి ఎండ నీళ్లలోకి సూటిగా పడుతోంది. ఆకుల అంచుల నుంచి సన్నటి బుడగలు వరసగా పైకి లేస్తున్నాయి. చేపలన్నీ చురుగ్గా తిరుగుతున్నాయి. మొక్కలు ఇంత గాలి వదులుతుంటే భయమెందుకు అనుకున్నాను. "ఉండనీ" అన్నది నేనే. బావ పోశాడు నిజమే కాని, ఉంచింది నేను. నా తప్పును కూడా నేను మర్చిపోను.

తెల్లవారుతుండగా లేచి చూస్తే చేపలన్నీ నీటి అంచున మూతులు పెట్టి ఆడిస్తున్నాయి. కింద ఒక్కటీ లేదు. రెండు వెల్లకిలా తేలాయి. పాప పడుకునే ఉంది. ఆ రెండింటినీ గంటెతో తీసి కొంగు చాటున పెరట్లోకి తీసుకుపోయాను. తిరిగి వచ్చేసరికి రాత్రి మా ఇంట్లోనే పడుకున్న బావ తొట్టి దగ్గర నిలబడి ఉన్నాడు. ఆకలికి నోళ్లు తెరుస్తున్నాయని, చెరువులో తన చేపలకు వేసే అలవాటున తవుడు గుప్పెడు చల్లేశాడు. నీళ్లు కుడితి రంగుకు తిరిగాయి. నేను నోరు తెరిచే లోపు పాప లేచింది.

"ఇరవై ఒకటే ఉన్నయేంది?"

ఆకుల చాటున ఉన్నాయన్నాను. బావ నా వైపు చూసి, చెప్పులేసుకుని రైలుకు పోయాడు.

కాసేపటికి మా గుమ్మం ముందు గంప దింపిన, ఇంటింటికీ చేపలమ్మే అవ్వను లోపలికి పిలిచి చూపించాను. ఆమె వంగి ఒక్కసారి చూసింది. "నాచు బలిసిన కుంటల తెల్లారేటాల్లకు గిట్లనే మూతులు పెడ్తయి బిడ్డా. పగటి పూట సూస్తె ఏం తెలుస్తది? ఎన్ని బతుకుతయో పొద్దు పొడవకముందు సూసుకోవాలె. సదువుకున్నోళ్లు, గిది తెల్వదా?"

చీకట్లో మొక్కలు కూడా మనలాగే శ్వాసిస్తాయని, గాలిని వదలవు, తీసుకుంటాయని ఏటా తొమ్మిదో తరగతికి బల్ల గుద్ది చెబుతాను. ఆ పాఠం నా ఇంటి తొట్టికి వర్తిస్తుందని గంప మోసే ఆమె చెప్పవలసి వచ్చింది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. గుచ్చుకున్నా ఆమె చెప్పినట్టే చేశాను.

బడికి సెలవు చీటీ పంపాను. బావి నీళ్లతో సగం తొట్టి మార్చాను. మొక్కలు మూడో వంతు పీకేశాను. ఎనిమిది చేపలను పెరట్లో సిమెంటు గోలెంలోకి మార్చాను. ఇదంతా పాప కళ్ల ముందే. చివరికి పాప అడిగింది.

"అమ్మా, ఆకుల చాటున ఏం లెవ్వు. ఆ రెండు సచ్చిపోయినయి గదా?"

అవునన్నాను. పాప ఏడవలేదు. చాలాసేపు గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత, రేపు తెల్లవారకముందే తననూ లేపాలని, ఇక ముందు దేన్నీ తను చూడకుండా తీయొద్దని అన్నది. ఆ గోడ వైపు చూసిన సేపు నాకు ఎంత భయమేసిందో రాయలేను.

ఆదివారం తెల్లవారకముందే ఇద్దరం లాంతరు పెట్టుకుని కూర్చున్నాం. పదమూడు ఉన్నాయి. ముందు పెద్ద బంగారు చేప పైకి వచ్చి నోరు తెరిచింది, దాని వెనకే మరో అయిదు. పాప నా చేయి గట్టిగా పట్టుకుంది. చిన్నవి మూడు తీశాం. సోమవారం పది. పెద్దది మళ్లీ పైకి వచ్చింది, దాని వెంట రెండు. పొద్దెక్కాక అన్నీ మామూలే, ఏమీ జరగనట్టు తిరిగాయి. ఆ మధ్యాహ్నం ఎవరు చూసినా ఇంకో పది పోయమనేవారు.

ఈలోపు జనగామ నుంచి వచ్చిన బంధువొకరు, బావ నలుగురిలో కూర్చుని అన్న మాట మోసుకొచ్చాడు. మా మరదలు చేపలకు సుత రేషన్ కార్డు రాస్తున్నదని, అందరూ నవ్వారని. వచ్చే ఆదివారం పెద్ద చేపను చూడ్డానికి వస్తానన్నాడట.

అప్పుడు నాకున్నవి రెండే దారులు. ఇంకో నాలుగు చిన్నవి తీయాలి, లేదా ఆ పెద్దదాన్ని తీయాలి. లెక్కకు ఒకటే అయినా అది చాలా చేపల గాలి ఒక్కటే తాగుతోంది. బిందెకు మూడన్న లెక్కలో చేప ఎంత ఉండాలో ఎవరూ చెప్పలేదు. పెద్దదాన్ని తీస్తే బావను అవమానించడానికే తీశానంటారు. తీయాలన్న నా తొందరలో ఆ కోరిక లేదని నేను కూడా ఒట్టు వేయలేను. అందుకే పాపను అడిగాను. మంగళవారం తెల్లవారుజామున అది మళ్లీ నోరు తెరవడం చూస్తూ, "దాన్నే తియ్యి అమ్మా. దానికి గీడ సాలుతలేదు" అన్నది. గోలెంలో వదిలితే బాణంలా అడుక్కు పోయింది.

బుధవారం తొమ్మిది ఉన్నాయి. ఒక్కటీ పైకి రాలేదు. గురువారం రాలేదు, శుక్రవారం రాలేదు. శనివారం నేను లేపినా పాప లేవకుండా నిద్రపోయింది. నేనొక్కదాన్నే చూశాను.

ఆదివారం బావ వచ్చి, చెప్పులు విడవకుండానే తొట్టి ముందు నిలబడ్డాడు. వెతికి వెతికి నా వైపు తిరిగాడు.

"నా చేప యాడ?"

నేను జవాబు చెప్పేలోపు మంచం మీది నుంచి పాప అన్నది. "నేనే తీపిచ్చిన పెద్దబాపు. పొద్దుగాల దాని పానం గుంజుకుంటుండె. రెండు సచ్చిపోయినయి ఎరుకేనా నీకు?"

బావ మంచం అంచున కూర్చున్నాడు. దాని కాళ్ల మీది దుప్పటి సర్దాడు, మళ్లీ సర్దాడు. నేను పెట్టిన చాయ చల్లారిపోయింది. తొట్టి వైపు చూస్తూనే నన్ను అడిగాడు.

"ఎన్ని పడ్తయి అంటవు?"

"తొమ్మిది."

"పది గాదా?"

"గాదు."

ఆయన లేచి, గుమ్మం బయట చెప్పులు విడిచి వచ్చాడు.