బయోడేటాలో రాళ్లపని

గని ఉద్యోగం కావాలని నేను అన్నప్పుడు మా ఊళ్ళో నవ్వనివాళ్ళు లేరు. డెబ్బైల చివరి రోజులవి. ఇంటర్ పాసైనవాడు బ్యాంకు అనాలి, రైల్వే అనాలి, ఏదీ కాకపోతే బడిపంతులు అనాలి. నేను మాత్రం సున్నపురాయి గనిలో మేట్లు కావాలని పేపర్లో పడ్డ ప్రకటన కత్తిరించి జేబులో పెట్టుకు తిరిగాను. మేట్ అంటే కూలీల ముఠాను వెంటపెట్టుకుని గుంతలో పని చేయించేవాడు. ఆ పని నాకు వచ్చు. వచ్చని చెప్పుకునే వీలే లేదు.

మాది ఆళ్లగడ్డ పక్క పల్లె. తాతల కాలం నుంచి పదిమందికి పని చెప్పిన సేద్యపు ఇల్లు. వానలు మొహం చాటేసి బావి ఎండిపోయినప్పుడు మా నాయన నన్ను వెంటబెట్టుకుని బనగానపల్లె అవతల నాపరాళ్ల గుంతల్లో కూలికి దిగాడు. కొన్నాళ్లకు గుంత యజమాని ఒక చిన్న ముఠాను నాకే అప్పజెప్పాడు. ఊళ్ళో మాత్రం మామిడితోట గుత్తకు తీసుకున్నామని చెప్పాడు. ఇంటికొచ్చే రోజు వంక నీళ్ళలో ఒంటి దుమ్ము వదిలేదాకా రుద్దుకుని, ఇస్త్రీ పంచె కట్టి, బస్టాండులో మామిడిపండ్లు కొని మరీ ఊళ్ళో దిగేవాడు. ఇరుగుపొరుగుకు పంచేవాడు కూడా. అమ్మ తల కొట్టుకునేది. నాకు ఒకపక్క నవ్వు, ఒకపక్క ఒళ్ళుమంట. కాయల కాలం అయిపోయినా మేము తోటకు పోతూనే ఉన్నాం. అదేమని ఎవరూ అడగలేదు. అలా అడగకపోవడమే మా ఊరి మర్యాద.

బయోడేటా టైపు చేయించడానికి నంద్యాల పోయాను. బియ్యం మిల్లుల వీధిలో మిద్దె మీద టైపు ఇన్‌స్టిట్యూట్. అక్కడి సారు ఏ కాగితాన్నైనా పైకి చదివి గానీ టైపు చేసేవాడు కాదు, తప్పులుంటే తెలుస్తాయని. ఆయన దగ్గర అందరికీ ఒకటే నమూనా. పుట్టిన తేదీ, తండ్రి పేరు, ఆస్తి, ఎత్తు, అలవాట్లు: పేపరు చదవడం, తపాలా బిళ్ళలు పోగుచేయడం. జన్మలో ఒక్క బిళ్ళ దాచింది లేదు. చివర్న, ఉద్యోగం దయచేస్తే పై అధికారులు తృప్తిపడేలా పనిచేస్తానని ఒక దండం. అనుభవం దగ్గర 'లేదు' అని నేనే రాసిచ్చాను. పంపాను. ఉలుకూ పలుకూ లేదు.

మళ్ళీ ప్రకటన పడింది. ఈసారి గుంతల్లో పనిచేసినవాళ్లకే ముందు పిలుపు అని అందులో స్పష్టంగా ఉంది. నంద్యాల పోతే సారు నా పాత కాగితం తిరగేసి పెదవి విరిచాడు.

"ఇదేందప్పా, పెండ్లిచూపులకు పంపినట్టుంది! నీకెంత పొలముంటే వాళ్లకేం? గుంతలోకి దిగితే ఏం చేస్తావో అది రాసుకరా."

ఇంటికొచ్చి ఆ మాటే చెప్పాను. నాయన ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆపేశాడు.

"రాళ్లు కొట్టినామని కాయితం మీద ఎక్కిస్తావా? నలుగురి నోళ్లల్లో పడల్లనా?"

"పడనీ నాయనా. దొంగతనం చేసినామా?"

"నువ్వు చదువుకున్నోనివి. నీకేం తెల్దు."

ఆయన చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. నాకు కోపం నషాళానికి అంటింది. తెల్ల కాగితం తీసుకుని కూర్చున్నాను. ఎవరి దయా అడగలేదు. పొరవాటం, అంటే రాతి పొర ఎటు సాగిందో, చూసి బండ పగలకుండా లేపడం తెలుసు అని రాశాను. బండలో కూరిన మందు తూటా పేల్చే ముందు కూలీలను దూరం తోలి, పేలనిది మిగిలిందేమో చూసుకున్నాకే లోపలికి వదిలేవాణ్ణి అని రాశాను. నా ముఠాలో ఒక్కరికీ దెబ్బ తగల్లేదు అనీ రాశాను. ఆ వాక్యం రాస్తున్నప్పుడు నాకు గర్వమనిపించింది. ఇన్నాళ్లూ దాచిపెట్టింది దీన్నా అని ఏడుపూ వచ్చింది.

తెల్లారి బస్సెక్కితే నాయన కూడా ఎక్కి పక్కన కూర్చున్నాడు. ఆపడానికే వస్తున్నాడనుకున్నాను. ఆపినా ఆగకూడదని గట్టిగా అనుకున్నాను.

ఇద్దరం మిద్దెక్కాం. మా ఊరి పెద్దరైతు అక్కడ బెంచీ మీద ఉన్నాడు, కొడుకు దరఖాస్తు టైపు చేయించుకోవడానికి. నాయన్ను చూసి "రాప్పా, తోటెట్లుంది?" అని పలకరించాడు. నాయన తల ఊపాడు. సారు నా కాగితం అందుకుని, అలవాటు ప్రకారం గొంతెత్తి చదవడం మొదలుపెట్టాడు. నాపరాళ్ల గుంత, సమ్మెట, తూటాలు, కూలి. పెద్దరైతు మా ఇద్దరినీ మార్చిమార్చి చూశాడు. నాయన నేల చూపులు చూస్తున్నాడు. సారును ఆపమనే మాట నా నోటి దాకా వచ్చింది. అనలేదు.

చదవడం అయ్యాక సారు తలెత్తాడు.

"బాగుంది. ఇప్పుడు గని మాదిరుంది. నీ పని కండ్లారా చూసినోళ్ల పేరొకటి కింద ఎక్కియ్యల్ల. ఎవురిది రాయల్ల?"

గుంత యజమాని చనిపోయాడు. మిగతా కూలీలు ఎక్కడెక్కడికో చెదిరిపోయారు. ఆ మాటే సారుకు చెప్పాను.

"నా పేరు రాయి," అన్నాడు నాయన.

సారు నవ్వాడు. "కొడుక్కు నాయన సాక్ష్యం చెల్లదు పెద్దాయనా."

నాయన పెద్దరైతు వైపు తిరిగాడు. మొహంలో మొహం పెట్టి చూస్తూనే సారుకు జవాబు చెప్పాడు.

"నాయనని రాయొద్దు. పక్కన సమ్మెట పట్టిన కూలోడని రాయి."