అరవై వాట్ల దగ్గర ఆగిన కార్డు

పెనుకొండ బస్టాండు వెనక సందులో మోటారు వైండింగు అంగడి నడిపే భాస్కరయ్య ముప్పై ఎనిమిదేళ్లుగా ఏ నేమ్ ప్లేటునూ నమ్మింది లేదు. నమ్మకపోవడానికి ఆయన దగ్గర గట్టి కారణమే ఉంది. చుట్టుపక్కల మూడు మండలాల్లో మోటార్ల మీదున్న నేమ్ ప్లేట్లలో సగానికి పైగా ఆయన కొట్టినవే.

బోరులో దించే మోటారు ఏడున్నర హెచ్‌పీ అయినా, రేకు మీద ఐదు అని ఉంటే రైతుకు మనశ్శాంతి. కరెంటు ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చినవాడికీ మనశ్శాంతి. ఇద్దరి మనశ్శాంతికీ కావలసింది ఒక కొత్త రేకు, అంకె దించే ఒక ఉక్కు పంచీ, ఒక సుత్తి. భాస్కరయ్య కళ్లద్దాలు సర్దుకుని, పంచీ నిలబెట్టి, ఒక్క దెబ్బ వేసేవాడు. ఆ దెబ్బకు రెండున్నర గుర్రాలు లోకంలోంచి మాయమయ్యేవి. ఆయన అలా మాయం చేసిన గుర్రాలన్నీ ఒకచోట చేరితే పెనుకొండ కోటను ఇంకోసారి ముట్టడించవచ్చు.

అసలు బలం కనిపెట్టడం వేరే విద్య. దానికి రాగితీగ మందం చూడాలి, చుట్లు లెక్కపెట్టాలి, నడుస్తున్నప్పుడు మోటారు మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకోవాలి. చివరికి టాంగ్ టెస్టరు ఉంది. వైరును కొయ్యకుండానే దాని చుట్టూ నోరు బిగించి, ఎంత కరెంటు పోతోందో చెప్పే పనిముట్టు అది. రేకు చెప్పేది వినగూడదు, తీగ చెప్పేది వినాల అనేది భాస్కరయ్య మతం. ఆ మతానికి ప్రవక్తా ఆయనే, భక్తుడూ ఆయనే. భార్య కౌసల్యమ్మ మాత్రం అందులో చేరలేదు. ఆమె మందుచీటీ నుంచి అగ్గిపెట్టె దాకా దేని మీద ఏం రాసుంటే అది నమ్మే మనిషి.

ఒక శనివారం పొద్దున పదకొండింటికి ఆయన చెల్లెలి కూతురు పల్లవి ధర్మవరం నుంచి బస్సు దిగి, భుజాన బరువైన సంచీతో అంగడిలోకి వచ్చింది. ముఖం చూస్తే రెండు రాత్రులు నిద్ర లేనట్టుంది. సంచీలోంచి ల్యాప్‌టాప్ తీసి, కాలిపోయిన మోటార్ల మధ్య, గ్రీజు మరకల బల్ల మీద పెట్టింది. అక్కడే చెక్కబెంచీ మీద తాడిమర్రి నుంచి వచ్చిన సుంకన్న కూర్చుని ఉన్నాడు. ఆయన మోటారు మూడోసారి కాలింది. అది తయారయ్యేదాకా ఆయనకు వేరే పని లేదు గనుక, జరిగినదంతా శ్రద్ధగా చూశాడు.

పల్లవి చీరల డిజైనర్. కొంగుకూ అంచుకూ కంప్యూటరులో బొమ్మ గీస్తే, అది మగ్గం మీదికి ఎక్కుతుంది. ఇన్నాళ్లూ ఆమె గీసినవి వేరేవాళ్ల పేరుతో పోయాయి. ఇప్పుడు కోయంబత్తూరు వ్యాపారి ఒకాయన మొదటిసారి ఆమె పేరు మీదే అడిగాడు. అయితే ఆయనకు బొమ్మ చాలదట. చీర నేయకముందే, అది భుజం మీదినుంచి ఎలా జారుతుందో, కుచ్చిళ్లు ఎలా పడతాయో వీడియోలో చూపించాలట. ఐదు చీరలకు ఐదు వీడియోలు, రేపు పొద్దున పదకొండింటిలోగా.

దానికోసమే హిందూపురంలో శివశంకర్ అంగట్లో ఈ ల్యాప్‌టాప్ కొనింది. ఒక్క వీడియో తయారు కావడానికి ఐదు గంటలు పడుతోంది. బొమ్మల లెక్కలు చేసే గ్రాఫిక్స్ కార్డు సరిగ్గా ఇదే ఉన్న స్నేహితురాలి ల్యాప్‌టాప్‌లో మూడు గంటలు దాటదు. ఐదు మూళ్లు పదిహేను, రేపటికి అందుతుంది. ఐదు ఐదులు ఇరవై ఐదు, అందదు. వాపసు గడువు ఈరోజు సాయంత్రం ఆరింటికి ముగుస్తుంది. వాపసిస్తే చేతిలో యంత్రం లేక ఈ అవకాశం పోతుంది. ఇవ్వకపోతే, ఇది పుట్టుకతోనే బలహీనమైనదైతే, అవకాశమూ పోతుంది, ఈ యంత్రమూ ఏళ్లతరబడి మెడకు చుట్టుకుంటుంది.

ఇంటర్నెట్‌లో చదివి తెలుసుకున్నదేమిటంటే, గ్రాఫిక్స్ కార్డు పేరు ఒకటే అయినా అది ఎన్ని వాట్ల దాకా తాగవచ్చో ల్యాప్‌టాప్ చేసిన కంపెనీ నిర్ణయిస్తుంది. ఒక కంపెనీ ముప్పై ఐదు దగ్గర కట్టేస్తుంది, ఇంకొకటి నూట పదిహేను దాకా వదులుతుంది. పెట్టె మీద మాత్రం అన్నిటికీ అదే పేరు.

ఇది విన్న భాస్కరయ్యకు కంప్యూటర్ల మీద మొట్టమొదటిసారి బంధుప్రీతి కలిగింది. మన విద్య ఇంత దూరం పాకిందా అనుకున్నాడు.

ఆ అంకె చూసే చోటు ల్యాప్‌టాప్‌లోనే ఉందని, తను చూసిందని, శివశంకరేమో తెర మీద కనపడే నంబర్లను పట్టుకొని యంత్రాన్ని అనుమానించగూడదన్నాడని పల్లవి చెప్పబోయింది. భాస్కరయ్య చెయ్యెత్తి ఆపాడు.

"నంబరు నాకు చెప్పొద్దు పాపా. చీటీలో రాసి మడిచి పెట్టు. నేను కొలిచినాక చూద్దాం."

ఆమె రాసి మడిచింది. సుంకన్న దాన్ని అడగకుండానే తీసుకుని, కోర్టులో సాక్ష్యంలాగా తన పైజేబులో పెట్టుకున్నాడు.

కొలత మొదలైంది. ముందు బ్యాటరీ పూర్తిగా నిండేదాకా ఆగాలన్నాడు భాస్కరయ్య. నిండని బ్యాటరీ దారిలోనే కరెంటు కాజేస్తుంది, లెక్క చెడుతుంది. తర్వాత చార్జరు గుచ్చడానికి ఒక ఎక్స్‌టెన్షన్ పెట్టె తెచ్చి, దాని వైరు లోపలి తీగల్లో ఒకదాన్ని బయటికి లాగాడు. ఇంత చిన్న యంత్రం తాగే కరెంటు టాంగ్ టెస్టరుకు ఆనదు. అందుకని ఆ తీగను టెస్టరు నోట్లోంచి పది చుట్లు తిప్పాడు. పది చుట్లకు వచ్చిన అంకెను పదితో భాగిస్తే అసలుది వస్తుంది. చుట్లు వెయ్యడం ఆయనకు కొత్తగా నేర్పాల్సిన పని కాదు.

పల్లవి చీర పడే బొమ్మను నడిపించింది. తెర మీద నెమలి రంగు చీర ఒకటి గాల్లోంచి ఆగి ఆగి, మెట్లు దిగుతున్న ముసలమ్మలాగా కిందికి దిగుతోంది. ఫ్యాను హోరుమంది. భాస్కరయ్య అరచెయ్యి కీబోర్డు మీద ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఊరికే ఉన్నప్పుడు ఎంత, చీర పడుతున్నప్పుడు ఎంత, రెండూ గోడ మీద సుద్దముక్కతో రాశాడు. చార్జరు తినే వాటా తీసేశాడు. తెర వెలగడానికింత, మిగతా లెక్కలు చేసే ప్రాసెసరుకింత అని తీసేశాడు. ఒంటిగంటన్నరకు గోడ మీద మిగిలింది యాభై ఎనిమిది.

"కార్డు అరవై వాట్లకు మించి తాగడం లేదు," అన్నాడు.

సుంకన్న జేబులోంచి చీటీ తీసి, విప్పి, తనకు ఇంగ్లీషు రాదు గానీ అంకెలొస్తాయి కాబట్టి పైకి చదివాడు. "అరవై."

భాస్కరయ్య ముప్పై ఎనిమిదేళ్లలో కొన్ని వేల మోటార్లను విచారించాడు. అవి మూలిగాయి, వణికాయి, పొగ వదిలాయి. అడిగిందానికి రాతపూర్వకంగా జవాబిచ్చిన యంత్రం ఇదే మొదటిది. అదీ నిజం చెప్పింది. ఆయనకు తెలియకుండానే కీబోర్డు మీంచి చెయ్యి తీసి, చొక్కాకు తుడుచుకున్నాడు.

"యాడ చూపించిందో నాకూ చూపించు," అన్నాడు.

పల్లవి ఆ పట్టిక తెరిచింది. అందులో ఉన్నది ఒక అంకె కాదు, రెండు. ఇప్పుడున్న పరిమితి అరవై. వదిలితే పోగలిగిన పరిమితి నూట పదిహేను. రెండోది కంపెనీ గొప్ప కోసం వేసుకున్నదని పల్లవి పట్టించుకోలేదు. భాస్కరయ్య పట్టించుకున్నాడు. మొదటి అంకెను నిజం చెప్పిన నోరు, రెండోదాన్ని అబద్ధమాడదు. నూట పదిహేను బలం ఉన్నది అరవై దగ్గర కూర్చుందంటే దాన్ని ఎవరో పట్టుకొని ఉన్నారు. ఎవరు?

ఆయన గోడ ప్లగ్గులో వోల్టేజీ చూశాడు, రెండువందల ఇరవై ఆరు, బాగానే ఉంది. ఫ్యాను దారికి అడ్డుందేమోనని ల్యాప్‌టాప్ కింద రెండు మోటారు బేరింగులు పెట్టి ఎత్తు చేశాడు. పల్లవి యంత్రాన్ని నెమ్మది నుంచి పూర్తి వేగానికి మార్చింది. పరిమితి అరవై దగ్గరే ఉంది. మధ్యాహ్నం రెండు దాటింది. అంకె గోడ మీద వెక్కిరిస్తున్నట్టు ఉంది. పల్లవి వాపసు ఇచ్చేద్దాం మామా అని సంచీ తీసుకుంది.

సుంకన్న అప్పటిదాకా చార్జరు పెట్టెను చేతిలో తిప్పుతూ చూస్తున్నాడు.

"ఏమప్పా భాస్కరయ్యా, దీని మీద ఏందో రాసుండాది, చూడవా?"

"ప్లేట్ల మాట నాకు చెప్పొద్దు సుంకన్నా. ప్లేట్ల సంగతి నాకు తెలియదా?"

"నీకు తెలుసులే. కానీ ఈ ప్లేటు నువ్వు కొట్టింది కాదు గదా."

భాస్కరయ్య సుంకన్న వైపు చూశాడు. సుంకన్న ముఖంలో ఎగతాళి లేదు. ఒక నిజాన్ని నిజంలాగా చెప్పిన ముఖమే. ఆయన కాలిన మోటారు పక్కనే ఉంది, దాని మీద భాస్కరయ్య చేత్తో కొట్టిన ఐదు తళతళలాడుతోంది.

భాస్కరయ్య చార్జరు అందుకుని, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, దగ్గరగా పెట్టుకొని చదివాడు. నూట ఇరవై వాట్లు. ల్యాప్‌టాప్‌ను తిరగేసి చదివాడు. దానికి కావలసింది రెండువందల ముప్పై వాట్ల చార్జరని అచ్చు వేసి ఉంది. పొద్దున పదకొండు నుంచి తీగను పది చుట్లు తిప్పి, సుద్దతో గోడంతా నింపి ఆయన వెదికిందంతా, రెండు నిజాయితీ గల స్టిక్కర్లు మొదటి నుంచీ పట్టుకొని నిలబడ్డాయి. కౌసల్యమ్మ అయితే రెండు నిమిషాల్లో చెప్పేది.

అప్పుడు పల్లవికి గుర్తొచ్చింది. మొదటిరోజే తెర మూలన చిన్న పెట్టె ఒకటి వచ్చి, చార్జరు చాలడం లేదు, నెమ్మదిగా నడుస్తానని ఏదో చెప్పింది. ప్రకటనేమో అనుకొని మూసేసింది.

భాస్కరయ్య బెంచీ మీద సుంకన్న పక్కన కూర్చున్నాడు. ఆయన జీవితమంతా ఒకే ఒక్క ఘోరం మీద నడిచింది. లైనులో వోల్టేజీ తగ్గినప్పుడు మోటారు ఊరుకోదు. తక్కువ వోల్టేజీలో ఎక్కువ కరెంటు లాగుతుంది, లాగి లాగి తన తీగను తనే కాల్చుకుంటుంది. అలా కాల్చుకున్న మోటార్లతోనే ఆయన ఇద్దరు పిల్లల్ని చదివించాడు. ఈ యంత్రమో, తనకు అందుతున్నది చాలదని మొదటి నిమిషంలోనే గ్రహించి, ఎవరినీ తిట్టకుండా, తగిలించిన చార్జరు కాలకుండా, సగం బలానికి తనంతట తనే తగ్గింది. తగ్గి, ఆ విషయం చెప్పింది కూడా. విననిది మనిషే.

"ఇట్లాంటి బుద్ధి మోటార్లకు ఇచ్చింటే," అన్నాడు సుంకన్న మెల్లగా.

"నేను ఈ పాటికి అంగడి మూసుకుందును," అన్నాడు భాస్కరయ్య. బాధతో కాదు. ఏదో పెద్దాయన ముందు కూర్చున్నట్టు తెరను చూస్తూ అన్నాడు.

రెండున్నర బస్సుకు మామా మేనకోడలూ హిందూపురం బయలుదేరారు. దారంతా భాస్కరయ్య ల్యాప్‌టాప్ సంచీని ఒళ్లో పెట్టుకొని, బస్సు గుంతలో పడ్డప్పుడల్లా రెండు చేతులా పట్టుకున్నాడు. నాలుగింటికి శివశంకర్ అంగడి చేరారు. అతను మొదట వాపసు కాగితాలు తీశాడు, మొహం ముడుచుకొని. భాస్కరయ్య కాగితాల మీద చార్జరు పెట్టి, చదవమన్నాడు. శివశంకర్ చదివి, ప్రదర్శన బల్ల కిందికి దూరాడు. పల్లవి కొనిన రోజు అదే బల్ల మీద రెండు ల్యాప్‌టాప్‌లు విప్పారట. ఏ చార్జరు ఎవరి సంచీలో పెట్టారో చూడలేదట. బల్ల కింద నుంచి ఇటుకంత చార్జరు తీసుకొని బయటికొచ్చి, "అక్కా, దుడ్లు వాపసు అడగతావేమో అని హడలిపోతిని, ఆ చార్జరు మొకమే చూడలేదు," అని తన తప్పు తనే ఒప్పుకున్నాడు.

కొత్త చార్జరు తగిలించారు. పల్లవి పట్టిక తెరిచి, చీర బొమ్మను నడిపింది. కార్డు తాగే వాట్లు అరవై, ఎనభై రెండు, నూట నాలుగు. అంకె పైకి పాకి నూట పదిహేను దగ్గర, గీత గీసినట్టు ఆగింది. ఫ్యాను గొంతు మారింది. నెమలి రంగు చీర గాల్లోకి లేచి, ఈసారి ఎక్కడా ఆగకుండా, నీళ్లలాగా భుజం మీంచి జారింది. జరీ అంచు ఒకసారి వెలుగు పట్టుకొని తిప్పి వదిలింది. కుచ్చిళ్లు ఒకదాని వెనక ఒకటి, పెళ్లికూతురి ముందు నడిచే ముత్తైదువల్లాగా వరసగా దిగాయి. అరచేతిలో పట్టేంత ఆ కార్డు ముక్క, ఇంకా ఎవరూ నేయని చీరకు గాలీ బరువూ లెక్కగట్టి ఇస్తోంది.

పల్లవి గడియారం చూసి, వేళ్ల మీద గంటలు లెక్కపెట్టింది. ఇంటికి చేరగానే మొదలుపెడితే రేపు పొద్దున పదింటికల్లా ఐదూ పూర్తవుతాయి. వాపసు కాగితాన్ని మడిచి శివశంకర్ చేతిలో పెట్టి, యంత్రం తన దగ్గరే ఉంటుందని చెప్పింది. నాలుగున్నరకు ధర్మవరం పోయే రైలుంది, అందుకుంటే రాత్రి తొమ్మిదిన్నరకల్లా మొదటి వీడియో తయారవుతుందని, ఇక మూసేద్దామని మామకు చెప్పింది.

భాస్కరయ్య కదల్లేదు. తెర మీద చీర పడడం పూర్తయి, అంకె మళ్లీ మెల్లగా కిందికి దిగుతోంది. పని లేనప్పుడు తాగడం కూడా మానేస్తోంది అది.

"రైలు సంగతి తర్వాత చూద్దాం పాపా," అన్నాడు. "ఇంకొక్క తూరి వెయ్యి."